చెప్పులు కనిపించే బెంచీ

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ షాదీపూర్ చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పాట మధ్యలో నాకు మళ్లీ గుండె దడ మొదలైంది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. దీనితో వేగలేక అలసిపోయాను నాన్నా.

మొదటిసారి వచ్చినప్పుడు చచ్చిపోతున్నానని ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడి తెలుగు నర్సు ఈసీజీ చూసి, "దిల్ ఠీక్ ఉంది దీదీ, ఇది పానిక్ అటాక్. ఘబ్‌రావో మత్, భయపడకు. ఊపిరి మెల్లగా వదులుతా, ఎదురుగా కనిపించినవి లెక్కెట్టుకో" అంది.

అందుకే ఇవాళ లేచి వెళ్లి, గుమ్మం పక్కన వెనక బెంచీలో, నువ్వెప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాను. బయట విడిచిన చెప్పులన్నీ అక్కణ్ణించి కనిపిస్తాయి. నువ్వు చెమట తుడుచుకుంటూ, పెదాలు కదుపుతూ వాటినే లెక్కపెట్టేవాడివి.

"ప్రార్థన మానేసి చెప్పులు లెక్కెడతావేంటి? అందరూ చూస్తన్నారు. చలో, ముందుకి రా" అని కసిరేదాన్ని. నువ్వు లెక్క ఆపేసి లేచి వచ్చేవాడివి.

నలభై మూడో జత దగ్గర నాకు ఊపిరి అందింది. నిన్ను చెయ్యి పట్టుకుని ముందు బెంచీకి లాక్కెళ్లిన ఆదివారాలే లెక్కకు అందడం లేదు.