దిష్టి తగలని బండి

తాలా ఉగ్ని, నవంబరు

అల్జీర్స్ నగరంలో సెలూను నడుపుకుంటున్న మేనల్లుడు మొక్రాన్‌కి, కొండ మీద చలికి పళ్ళు టకటకలాడిస్తూ నీ మామ బెలాయిద్ దీవించి రాయునది. దేవుడి దయవల్ల మేమందరం క్షేమం. మీ అత్త తస్సాదీత్ కూడా క్షేమమే, ఆమె గొంతు మరీ క్షేమం.

అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయి గనీమా నీళ్ళోసుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి దేవుడు కరుణించాడు. అల్లుడు ఎడారిలో చమురు బావుల దగ్గర పనిలో ఉన్నాడు కాబట్టి పిల్ల మా దగ్గరే ఉంది. తిజి ఊజూలో డాక్టరమ్మ చూసి, "ఇది ఇంట్లో అయ్యే కాన్పు కాదు, ఆపరేషన్ పడొచ్చు, నొప్పులు మొదలైతే వెంటనే తీసుకురండి" అంది. నెలలు నిండేది ఫిబ్రవరిలో. ఫిబ్రవరిలో మా దారి ఎలా ఉంటుందో నీకు తెలుసు. పోయిన చలికాలం కొట్టు ఇదీర్ కోడల్ని నిచ్చెన మీద పడుకోబెట్టి కిందికి మోశాం. సగం దారిలో, మంచులోనే కాన్పయింది. తల్లీ పిల్లా బతికారంటే అది దేవుడి చలవ. దేవుణ్ణి ఏటా అదే పని అడగలేం కదా.

అందుకని నాకో పాత బండి కొనిపెట్టు. మంచులో కొండ ఎక్కాలి, దిగాలి. పొట్ట నేలకి ఎత్తుగా ఉండాలి. మొదటి గేరు గాడిదలా మొండిదై ఉండాలి. హీటరు పనిచెయ్యాలి. తోలడం నేను చూసుకుంటాను, ఒకప్పుడు పాల లారీ తోలిన చేతులివి. నీకు బండ్ల గురించి ఏమీ తెలియదని నాకు తెలుసు. అయినా ఎంతటివాడైనా నీ ముందు తల వంచాల్సిందే కాబట్టి, అమ్మేవాణ్ణి కత్తి మెడ మీదున్నప్పుడు ప్రశ్నలడుగు.

ఇట్లు, నీ మామ,
బెలాయిద్

తా.క. గనీమా సంగతి మీ ఆవిడకి చెప్పకు. ఆవిడకి చెబితే రేవులో చేపలక్కూడా తెలిసిపోతుంది.

*

అల్జీర్స్, నవంబరు

గౌరవనీయులైన బెలాయిద్ మామయ్యకి మేనల్లుడు మొక్రాన్ నమస్కరించి రాసేది. మా ఆవిడకి నేను చెప్పలేదు మామయ్యా. ఆవిడే నాకు చెప్పింది, అదీ మీ ఉత్తరం రాకముందే.

ఎంత మంచి మాట చెప్పారు. మన గనీమా చందమామ లాంటి కొడుకుని కంటుంది, చూడండి. ఇక బండి దొరికింది. తెల్లటి బాషే, అదే, వెనకాల టార్పాలిన్ కప్పిన చిన్న ట్రక్కు. ఒంటి మీద గీత లేదు. ఇంజను పిల్లి గురక పెట్టినట్టు తిరుగుతుంది. హీటరు ముందు రొట్టె పెడితే కాలుతుంది. జుర్జురా కొండల్లో ఇలాంటి బండి ఇంకోటి ఉంటే నేను కత్తెర పట్టడం మానేస్తాను. ఊరంతా చూసి కుళ్ళుకోవాలి.

మీ అల్లుడు,
మొక్రాన్

తా.క. మంచులో పట్టుండే ముళ్ళ టైర్లు నాలుగు బస్సు డ్రైవరు అరెజ్కీతో ముందే పంపుతున్నాను. అవి కూడా ముచ్చటగా ఉన్నాయి.

*

తాలా ఉగ్ని, నవంబరు చివర

పట్నంలో ఉండి మతి పోగొట్టుకున్న మొక్రాన్‌కి మామ బెలాయిద్ రాయునది. నేను క్షేమంగా లేను. కారణం నువ్వే.

మా ఊరికొచ్చే ఉత్తరాలన్నీ ఇదీర్ కొట్లో దిగుతాయనీ, వాటిని ఆయన గట్టిగా చదివి వినిపిస్తాడనీ మరిచావా? ఫ్రాన్సు గనుల్లోకి పోయినవాళ్ళ ఉత్తరాలు వచ్చే కాలం నుంచీ అది వాళ్ళ కుటుంబం హక్కు. కొట్టునిండా జనం. "చందమామ లాంటి కొడుకు" దగ్గర ఇదీర్ ఆగాడు. కళ్ళజోడు తీశాడు. "ఎంత అదృష్టం బెలాయిద్, ఎంత అదృష్టం" అన్నాడు, అదీ రెండుసార్లు. ఇదీర్ కన్ను సంగతి నీకు తెలుసు. మా అత్తిచెట్టు చూసి "ఏం కాపు" అన్నాడు, కొమ్మ విరిగింది. మా మేకను చూసి "ఏం పొదుగు" అన్నాడు. ఆ మేక గురించి ఇంక మాట్లాడుకోవద్దు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇక రేకు బండి ఎంత.

ఇకమీదట నువ్వు రాసే ఉత్తరంలో మంచి మాట ఒక్కటి కనబడకూడదు. బండి బాగుంటే తిట్టు. ఎంత బాగుంటే అంత గట్టిగా తిట్టు. గనీమా కడుపుని కడుపు అనకు, జబ్బు అను. నేను అర్థం చేసుకుంటాను. నలుగురూ జాలిపడాలి, అప్పుడే మనకు భద్రం.

ఇట్లు,
బెలాయిద్

తా.క. టైర్లు అందాయి. మూడున్నాయి అనుకో. కొత్తగా కట్టిన గది మీద దిష్టికి పాత టైరు కట్టాలి కదా, మీ అత్త నాలుగోది ఎక్కించేసింది. దీనికి ముళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి దిష్టి గుచ్చుకుని చస్తుందని ఆమె వాదన. దింపమంటే నిచ్చెన దాచేసింది.

*

అల్జీర్స్, డిసెంబరు

దౌర్భాగ్యుడైన మామయ్యకి, అంతకన్నా దౌర్భాగ్యుడైన అల్లుడు రాసేది.

మీరన్నంతా అయింది. నా ఉత్తరం మీకు అందిన వారంలోనే ఆ తెల్ల బండిని ఎవడో తోలి చూడ్డానికి తీసుకెళ్ళి చేపల మార్కెట్టు గోడకి గుద్దాడు. మీ మాట ఇక జవదాటను.

ఇంకో బాషే చూశాను. బూడిదరంగు. ఛీ, ఏం బండి అది. దాన్ని చూస్తే అన్నం సయించదు. ఇంజను క్షయరోగిలా దగ్గుతుంది. హీటరు చచ్చి చాలా కాలమైంది. మొదటి గేరు మేడ మెట్లు కూడా ఎక్కలేదు. యజమాని పాపం ష్రెయా కొండ మీద అడవి గార్డుగా పనిచేసి రిటైరైన ముసలాయన, నా దగ్గరే గడ్డం గీయించుకుంటాడు. ఒకటే వింతగా అనిపించింది. ఆయన బండి ఆపినప్పుడల్లా దిగి చక్రం కింద రాయి పెడతాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంత నీచమైన బండిని మీకు తప్ప ఇంకెవరికీ కొనలేను.

గనీమాకి జబ్బు ఎలా ఉంది? రోజురోజుకీ ముదరాలని మా ఆవిడ మొక్కుకుంటోంది.

మీ పనికిమాలిన అల్లుడు,
మొక్రాన్

తా.క. టైరు దింపించండి. మూడు కాళ్ళతో గాడిద కూడా కొండెక్కదు.

*

తాలా ఉగ్ని, డిసెంబరు

బంగారు తండ్రి మొక్రాన్‌కి మామ బెలాయిద్ దీవించి రాయునది.

శభాష్ రా. నీ ఉత్తరం చదువుతుంటే కొట్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. "క్షయరోగిలా" దగ్గర ఇదీర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బెలాయిద్, ఆ బండి కొనకు, నా మాట విను. మేనల్లుడు నిన్ను ముంచుతున్నాడు" అన్నాడు. నేను తల వంచుకుని, "మా రాత ఇంతే" అన్నాను. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని నవ్వాను.

రాయి సంగతి నాకు అర్థమైంది. మంచులో రాత్రి హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేస్తే గడ్డకట్టి పట్టేస్తుంది, పొద్దున ఊడిరాదు. అందుకే కొండవాళ్ళు బండిని గేరులో ఉంచి చక్రం కింద రాయి పెడతారు. ఆ ముసలాయన మంచు తెలిసినవాడు. కళ్ళు మూసుకుని కొను. డబ్బు అరెజ్కీ చేతికిచ్చాను, సెలవు రోజున బండి తోలుకొచ్చేది కూడా అతనే.

నీ మామ,
బెలాయిద్

తా.క. వెనక బరువుంటే చక్రం జారదు కదా, రెండు బస్తాల ఇసుక వేద్దామనుకున్నాను. ఆసుపత్రికి తాను కూడా వస్తానని మీ అత్త అంది. ఇసుక ఖర్చు తప్పింది.

*

అల్జీర్స్, జనవరి

మామయ్యా, క్షేమ సమాచారాలు తర్వాత.

అరెజ్కీ మీకు బండి అప్పజెప్పి తిరిగొచ్చి నా దగ్గర కూర్చున్నాడు. గడ్డం గీస్తుంటే, "దారిలో బ్రేకులు పోయాయి, ఊరి దాకా గేర్ల మీదే లాక్కొచ్చాను, మీ మామకు చెబితే నవ్వాడు" అన్నాడు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. వెళ్ళి ఆ ముసలాయన్ని నిలదీశాను. ఆయన చక్రం కింద రాయి పెట్టేది మంచు అలవాటు వల్ల కాదు మామయ్యా. బ్రేకులు నిలవవు కాబట్టి పెడుతున్నాడు.

ఇది తిట్టు కాదు, నిజం. బ్రేకులు పనిచెయ్యవు. మా అమ్మ మీద ఒట్టు. ఇక్కడి నుంచి సామాను ఇచ్చి మెకానిక్కుని పంపే ఏర్పాటు చేస్తున్నాను. అంతవరకూ బండి కదిలించకండి.

మీ
మొక్రాన్

తా.క. హీటరు మాత్రం బాగుంది. అంటే, నిజంగానే బాగుంది. అంటే, వేడిగా ఉంటుంది. అయ్యో మామయ్యా, ఎలా రాయాలో తెలియడం లేదు.

*

తాలా ఉగ్ని, జనవరి చివర

నటనలో మొనగాడు మొక్రాన్‌కి మామ రాయునది.

ఈసారి నిన్ను నువ్వే మించిపోయావు. బ్రేకులు అంత గొప్పవా? పోయిన మా అక్క మీద ఒట్టు కూడా పెట్టావు, కొట్లో ఊపిరి తీసినవాడు లేడు. అరెజ్కీకి కూడా బాగా నేర్పి పంపావు, ఊరందరి ముందూ ముఖం వేలాడేసి "బ్రేకులు లేవు బెలాయిద్" అన్నాడు. మెచ్చుకుని సీసాడు ఆలివ్ నూనె ఇచ్చాను. అప్పటినుంచీ అతను నన్ను వింతగా చూస్తున్నాడు, సిగ్గుపడుతున్నాడు కాబోలు.

మంచు పడుతోంది. బండి మీద దుప్పట్లు కప్పాను. గనీమా జబ్బు బాగా ముదిరింది. నాకు నిద్ర పట్టడం లేదు కానీ, వాకిట్లో ఆ బండిని చూస్తే ధైర్యంగా ఉంది.

నీ మామ,
బెలాయిద్

తా.క. ఇదీర్ రోజూ వచ్చి బండి చుట్టూ తిరిగి, చక్రాల కింద వంగి చూసి, నిట్టూర్చి పోతున్నాడు. దుప్పటి ఇంకోటి కప్పాను.

*

అల్జీర్స్, ఫిబ్రవరి

ఇదీర్ బాబాయికి మొక్రాన్ రాసేది.

పైన చిరునామా మా మామదే అయినా, చదివేది మీరేనని ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. మంచుకి మెకానిక్కు సగం దారి నుంచి వెనక్కొచ్చాడు. బ్రేకులు లేవు. మా మామ నమ్మడు. గనీమాని ఆ బండిలో కిందికి దించనివ్వకండి, కాళ్ళు పట్టుకుంటాను.

మొక్రాన్

*

తాలా ఉగ్ని, ఫిబ్రవరి

మేనల్లుడు మొక్రాన్‌కి మామ బెలాయిద్ దీవించి రాయించునది. రాస్తున్న చెయ్యి ఇదీర్‌ది, మాటలు నావి. స్టీరింగు బిగించి పట్టిన వేళ్ళు కలానికి ఇంకా వంగడం లేదు.

ముందు ఊపిరి పీల్చుకో. తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల. ఇప్పుడు విను.

నొప్పులు చెప్పిన రోజుకన్నా ముందే వచ్చాయి. తెల్లారేసరికి మోకాలిలోతు మంచు. గది మీది టైరు మీ అత్తే దింపింది, నేను బిగించాను. వెనక పరుపు వేసి గనీమాని పడుకోబెట్టాం. చెలమ మలుపు తిరిగేసరికి ఊళ్ళో మగవాళ్ళందరూ దారి మీద ఉన్నారు. కొందరి చేతుల్లో పారలు, దారంతా మంచు ఎత్తిపోసి ఉంది. కొందరు నూనె గానుగ దగ్గరి మోకులు భుజాన వేసుకున్నారు. నేను కిటికీ దించేలోపే ఇదీర్ బండి వెనక్కి పోయి మోకు కట్టేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాను.

"నీ బండికి బ్రేకుల్లేవుగా. మేమే నీ బ్రేకులం. పోనీ."

"ఎవడు చెప్పాడు లేవని? ఇలాంటి బ్రేకులు ఈ కొండల్లో..."

"సర్లే బెలాయిద్, నువ్వు నవ్వుకుంటూ తోలు. మేం పట్టుకుంటాం."

నాకు ఒళ్ళు మండింది. పరువు పోయిందనుకున్నాను. రెండో మలుపు దగ్గర, కింద లోయ కనబడే చోట, బండి జోరందుకుంది. బ్రేకు తొక్కాను. పెడలు వెన్నలో దిగినట్టు దిగిపోయింది. ఇంకోసారి తొక్కాను. ఏమీ లేదు. మొక్రాన్, నీ ఉత్తరంలో ప్రతి మాటా నిజమేనని నాకు అప్పుడు తెలిసింది. వెనక గనీమా "నాన్నా" అంది.

మోకులు కిర్రుమన్నాయి. బండి ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే ఇదీర్ నడుముకి మోకు చుట్టుకుని, మడమలు మంచులో పాతి, వెల్లకిలా పడున్నాడు. ఊరంతా అతని వెనక వేలాడుతోంది. "నవ్వుతున్నావా లేదా?" అని అరిచాడు. నేను ఏడుస్తున్నాను.

అలా మలుపు మలుపుకీ ఊరే నన్ను పట్టి దించింది. కింద తారు రోడ్డు మీద అరెజ్కీ బస్సు పెట్టుకుని ఉన్నాడు. గనీమాని ఎక్కించాం. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపలేదు. ఆపరేషన్ అయింది. పాప ఏడుపు విన్నాక ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాను. అప్పటిదాకా నిలబడే ఉన్నానని మీ అత్త చెప్పింది.

నిన్న కొట్లో, "నాకోసం ఎందుకింత చేశారయ్యా?" అని అడిగాను. ఇదీర్ విసుక్కున్నాడు. "మా కోడలి నిచ్చెనకి ముందు వైపు భుజం పెట్టిందెవరు? పైగా నీ మేనల్లుడి ఉత్తరాలు విన్నాక ఊళ్ళో ఎవరికి నిద్ర పట్టింది?" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. నువ్వు ఆ బండిని మెచ్చుకుంటూ రాసుంటే, ఒక్కడు కూడా మోకు తెచ్చేవాడు కాదు. ఎవరి కన్ను పడుతుందని భయపడి చచ్చానో, ఆ కళ్ళే నా పిల్లని కాపాడాయి. ఇదీర్ కన్ను గురించి నేను రాసినవన్నీ చింపి పారెయ్. ఇది రాయకు ఇదీర్.

ఇకమీదట దాచేది లేదు. పాప చందమామలా ఉంది. ఊరంతా చూడనీ. రాయి ఇదీర్, చందమామలా ఉంది అని పెద్ద అక్షరాలతో రాయి.

నీ మామ,
బెలాయిద్

తా.క. ఇది ఇదీర్ సొంతంగా రాస్తున్నది. మీ మామ చెప్పినవన్నీ రాశాను, రాయొద్దన్నవి కూడా. దిష్టి గురించి మీరేమీ బెంగపెట్టుకోకండి. నేను స్వయంగా వెళ్ళి చూసొచ్చాను, పాపది అచ్చం తాత ముఖం. వేరే దిష్టిచుక్క అక్కర్లేదు.