వాగులో ఎర్ర నీళ్లు

నవంబరు, మంగళవారం రాత్రి

ఈరోజు చిట్టమూరులో చినుకు పడలేదు. అయినా సాయంత్రానికి వాగు ఎర్రగా పారుతోంది. మా చుట్టూ అంతా నల్లరేగడి. ఎర్రమట్టి ఉన్నది పడమటి మెట్టల్లోనే. అక్కడ నిన్నటి నుంచి కుండపోత. ఆ వాలు నేల మీద నీళ్లు నిలవవు, నేరుగా మా మీదికే వస్తాయి. పోయిన వారం వానలకే నానిపోయిన మా రేగడిలో నీళ్లు ఇంకడానికి ఇక చోటు లేదు.

చెల్లెలు మేరీ ఇల్లు వాగు పక్క పల్లంలో ఉంది. మెరక మీదున్న మా ఇంటికి వచ్చేయమంటే నవ్వింది.

"వాన పడకుండా వరద యాణ్ణించి వస్తాదక్కా?"

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వాగు చూపించాను. వెంటనే పిల్లలతో వచ్చేసింది. మేరీ మొగుడు, మా మరిది మాత్రం కదల్లేదు.

"గొడ్లని వదిలేసి యాడికొచ్చేది వదినా?" అన్నాడు.

మేము అన్నాలు తినేటప్పుడు ఫోన్ చేశాడు. "నీళ్లు గడప దాటినాయి వదినా. గొడ్ల పలుపులు విప్పేసి మిద్దె ఎక్కతా" అన్నాడు. వాగు కలిసే పులికాట్ సరస్సు కూడా నిండి ఉంది, ఈ నీళ్లు తొందరగా దిగవు.

పక్క గదిలో మేరీ పిల్లల చేత ప్రార్థన చేయిస్తోంది. అప్పటి నుంచీ అతని ఫోన్ మోగడం లేదని దానికి ఇంకా చెప్పలేదు.