భోక్తగారి పథ్యం

మహాలయ పక్షాలు, బుధవారం

షుగరుకు కాలివేలి పుండు మానడం లేదు, తీపి మానకపోతే వేలు తీసేయాలని అమలాపురం డాక్టరుగారు చెప్పి వారం కాలేదు. ఈయన ఇవాళ కూడా తద్దినానికి భోక్తగా వెళ్ళి, గారెలు, పరమాన్నం తిని వచ్చారు.

"విస్తట్లో వేసింది వద్దంటే పితృదేవతలు పస్తుంటారే," అన్నారు.

"మరి పొద్దున్న వేసుకోవాల్సిన మాత్రండీ?"

"భోక్త ముందుగా ఏమీ పుచ్చుకోకూడదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పుండు రోజూ కడిగేది నేను, పితృదేవతలు కాదు. ముత్తైదువ అనకూడని మాట అనేశాను.

"అయితే మీ తద్దినానికి ఎవర్ని పిలవమంటారో అదీ చెప్పేయండి."

కోప్పడతారనుకున్నాను. కట్టు కనపడకుండా కాలు పంచె కిందకి లాక్కున్నారు.

"సోమయాజుల్ని పిలుద్దువుగాని. వాడికి షుగరు లేదు."