గౌరి చేయని ఉపవాసం

సుభద్రా,

మొన్న నీ సంవత్సరీకానికి మన భజన మండలి మూఢులంతా వచ్చారు. బ్యాంకు నుంచి సెలవు పెట్టి వచ్చిన మన గౌరిని చూసి, "ఏటి భక్తమ్మా! ఉపవాసాలు సేసి పుల్లయిపోనాది, తండ్రికి తగ్గ కూతురు" అన్నారు. బరంపురం వీధుల్లో ఇరవై ఏళ్లుగా మైకులో ప్రవచనాలు గర్జిస్తున్న నేను మీసం దువ్వుకున్నాను.

వాళ్లు వెళ్లాక గౌరి నవ్వింది. "ఉపవాసమేటి నాన్నా! ఏడీహెచ్‌డీకి, అదే మనసు ఒక్క పని మీద నిలవని ఇబ్బందికి, డాక్టరు మాత్ర రాసినారు. మెదడుని ఉసిగొల్పే స్టిమ్యులెంట్ రకం కాదు గానీ ఆకలి సంపేస్తంది. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గిపోనాను. నీకు సెప్తే జపం సెయ్యమంటావు."

బొత్తిగా తిననివాడికి యోగం లేదన్న గీత మాటని వందసార్లు బోధించిన నోరు నాది. కూతురి కంచం చూడని కళ్లూ నావే. ఛీ!

"మానెయ్" అన్నాను.

"మానను. మొదలెట్టిన పని ఇప్పుడే పూర్తి సెయ్యగలుగుతన్నాను."

మర్నాడు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మోతాదు తగ్గించాడు. తిన్నాకే వేసుకోమన్నాడు, వారం వారం బరువు చూడమన్నాడు.

ఈ రోజు ఏకాదశి. పొద్దున్నే రాత్రి నీళ్లలో నానేసిన పఖాళ అన్నంలో పెరుగు కలిపి గౌరి ముందు పెట్టాను. ఒక్కదాన్నే తిననంది. నేనూ కంచం పెట్టుకున్నాను. అప్పుడే మండలి కార్యదర్శి గుమ్మంలోకి వచ్చి నోరెళ్లబెట్టాడు.

"ఏటి గురువుగారూ, ఏకాదశి పూట అన్నమా?"

"అవును. ఎల్లి మైకులో సెప్పు" అని తలుపు వేసి, గౌరికి మరో గరిటె వడ్డించాను.