వేలికి కట్టు

అన్నయ్యా,

ఉత్తరం టైపు చేశానని ఏమనుకోకు. చేత్తో రాయడం మానేసి పదకొండు రోజులైంది.

మా లైబ్రరీలో ఆరువందల ఏళ్ల నాటి చేతిరాత పుస్తకం ఒకటుంది. అందులో నాలుగు ఆకులు వేరే లేఖకుడెవరో రాశాడని అందరూ అంటారు. అతని కాలం తేల్చే పని నాకు అప్పగించారు. భూతద్దం పెట్టి చూశాను. గీతలన్నీ ఎడమచేతివి. ప్రతి వరుసా చివరికొచ్చేసరికి పైకి ఎక్కుతోంది. అవి నేను రాసినవే.

గుర్తుందా, నాన్న ఇక్కడ పాత పుస్తకాలు బాగుచేసే రోజుల్లో, మిగిలిపోయిన పాత ఖాళీ ఆకులిచ్చి, ఇంకో ప్రతి చూసి నాచేత రాయించేవాడు? ఆకులు ఊడిపోయిన చోట నేను రాసినవి కుట్టేశాడన్నమాట. ఫోన్లో అడిగితే, "పుస్తకం బోసిగా ఉంటే ఏం బాగుంటుందే" అన్నాడు.

నిజం రాస్తే నాన్న బాగుచేసిన పుస్తకాలన్నిటినీ అనుమానిస్తారు. అబద్ధం రాద్దామంటే, మా డైరెక్టరు గారు నివేదిక చేత్తోనే రాయాలంటున్నారు. దాన్ని ఆ ఆకుల పక్కనే అద్దాల పెట్టెలో పెడతారట. అందుకే వేలికి కట్టు కట్టుకుని తిరుగుతున్నాను.

నిన్న ఆయన ఆ కట్టు చూసి, "తొందరేం లేదమ్మా, తగ్గాకే రాయండి. ఎన్నాళ్లయినా ఆగుతాం" అన్నారు.

నీ చెల్లి