తడి గోతాల సంగతి

కల్లూరు,
మంగళవారం.

ప్రియమైన మరియక్కకు,

నీ చెల్లెలు రూతు వందనాలు. దేవుని దయవల్ల ఒంటికి బాగానే ఉన్నాను, మనసు సంగతి కింద రాస్తాను. నాన్న దగ్గు తగ్గిందా? ముగ్గురాయి గనిలో పనికి పోయేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని నా మాటగా చెప్పు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? పిల్లలు పేచీ పెట్టకుండా బడికి పోతున్నారా? ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మనింట్లో ఫోన్ మోగితే స్పీకర్ పెట్టి అందరూ చుట్టూ చేరతారు కదా. ఇది అమ్మ చెవిన పడకూడదు. అందుకే నీ అంగన్‌వాడీ చిరునామాకు రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు మన మంగంపేటను మించినవి. షేర్ ఆటోలో ఒకరినొకరు ఒరుసుకుంటూ ఫ్యాక్టరీ చేరేసరికే సగం ప్రాణం పోతుంది. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం క్యాంటీన్ అన్నం. సంగటి తిని మూడు నెలలైంది. ఆదివారం చర్చికి పోతే తప్ప నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. దిగులు పడొద్దు, బాగానే ఉన్నాను.

నా పనేమిటని నువ్వు ప్రతిసారీ అడుగుతావు. ఆటోలవీ స్కూటర్లవీ పాత బ్యాటరీలు మా దగ్గరికి వస్తాయి. వాటిలో మిగిలిన కరెంటును ఉప్పునీళ్ల తొట్టిలో ముంచి పోగొడతారు. తర్వాత మిషన్‌లో పొడి చేసి లోహాలు తీస్తారు. ఏది ఎక్కడ అంటుకుంటుందో ముందే ఊహించి, అంటుకోకుండా చూడడం నా పని. మూత సరిగా పడితే తప్ప మిషన్ తిరగకుండా తాళం పెట్టించింది నేనే. మనిషి మంచితనాన్ని నమ్ముకోకూడదు, తప్పు చేయాలన్నా చేయలేనట్టు ముందే కట్టడి చేయాలని పనివాళ్లకు రోజూ చెబుతుంటాను. చెప్పేవి శ్రీరంగనీతులు!

రెండు నెలల కింద కావేరి అనే అమ్మాయి నా కింద చేరింది. నేతపనివాళ్ల పిల్ల, డిప్లొమా చదివింది. నీ దగ్గర దాచడమెందుకు, దాన్ని చూస్తే నాకు కడుపుమంట. నా అంత చదువు లేదు, నా అంత అనుభవమూ లేదు. కానీ షెడ్డులోకి నేను పోతే అందరూ మాటలు ఆపి నిలబడతారు. అది పోతే "రామ్మా కావేరీ, బువ్వ తింటివా?" అని పక్కన కూర్చోబెట్టుకుంటారు. వాళ్లమ్మ నేసిన తువ్వాళ్లు తెచ్చి, ఎండకు తలకు చుట్టుకోమని అందరికీ ఇచ్చింది. ఆ ఆలోచన నాకెందుకు రాలేదని రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మొన్న శుక్రవారం సాయంత్రం అదే పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, ఓబులేసన్న బ్యాటరీల పెట్టెల మీద తడి గోతాలు కప్పినాడు. ఎండకు కాగిపోతాండాయి పాపం అంటాండాడు. ఈ పొద్దుకు తీయించినా గానీ, నువ్వు అందరినీ పిలిచి చెప్పాలక్కా. లేకుంటే రేపు మళ్లా కప్పుతారు" అని తన ఫోన్‌లో తీసిన ఫొటో కూడా పంపింది.

ఓబులేసు మొన్నటిదాకా పత్తికొండ మార్కెట్లో హమాలీ. కొత్తిమీర మోపులు వాడకుండా తడి గోతం కప్పడం చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. తొట్టిలో నిదానంగా కరెంటు పోగొట్టడం వేరు, కరెంటు నిండా ఉన్న బ్యాటరీ మీద గోతం నీళ్లు కారడం వేరు. తడి తగిలి లోపల షార్ట్ అయితే నిప్పే.

నాకు ముందు తట్టింది ఆ నిప్పు కాదక్కా. ఇది నా కంటపడకుండా దాని కంట ఎట్లా పడిందని. "నేను చూసుకుంటాలే, నువ్వెవరికీ చెప్పొద్దు" అన్నాను. సోమవారం మీటింగ్‌లో నేనే కనిపెట్టినట్టు చెప్పాలని, దాని ఫొటోనే పెట్టి కాగితం తయారు చేసుకున్నాను. పనివాళ్లను మాత్రం పిలవలేదు.

శనివారం మిట్టమధ్యాహ్నం ఓబులేసు మళ్లీ కప్పాడు. కాసేపటికి పొగ. కంగారులో గోతాన్ని చేత్తో లాగబోయి మోచేతి దాకా బొబ్బలు తెచ్చుకున్నాడు. కావేరే ఇసుక పోయించి ఆర్పించింది. నేను పోయేసరికి అంతా అయిపోయింది. అతన్ని ఆసుపత్రిలో చూడబోతే నన్నే ఓదార్చాడు. "శుక్రవారం సాయంత్రమైంది, చల్లబడింది గదా, అందుకే తీయమన్యాదేమో ఆ పాప అనుకుంటి. తప్పు నాదేలే మేడం" అన్నాడు.

సోమవారం మేనేజర్ నా కాగితం మీద శుక్రవారం తేదీ చూశాడు. "ముందే పసిగట్టినావే! చెప్పినా వాడు వినలేదన్నమాట" అని మెచ్చుకున్నాడు. నేను నోరు విప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, కావేరి కూడా. బయటికి వచ్చాక నన్ను నిలదీస్తుందనుకున్నాను. "ఓబులేసన్నకు పని పోతాదేమో అక్కా" అంది, అంతే. తన ఊసే ఎత్తలేదు. సిగ్గుతో చావాల్సింది పోయి, నాకు ఇంకా మండింది. మంచితనంలో కూడా అదే ముందుండాలా?

ఆ చప్పట్ల మత్తులో అమ్మకు ఫోన్ చేసి గొప్పలు చెప్పాను. ఈ ఆదివారం చర్చిలో లేచి, నా బిడ్డ పదిమంది ప్రాణాలు కాపాడిందని సాక్ష్యం చెబుతానంది. అక్కా, నీకు దండం పెడతాను, ఎలాగైనా ఆపు. నాకోసం అమ్మ దేవుని ముందు అబద్ధం పలకకూడదు. ఎందుకన్నది నేనే వచ్చి అమ్మకు చెప్పుకుంటాను.

రేపు పది గంటలకు ప్రమాదం రిపోర్టు మీద సంతకం చేయాలి. కారణం అన్నచోట ఓబులేసు పేరు టైపు చేసి ఉంది. దాన్ని కొట్టేసి, శుక్రవారం జరిగింది నా చేత్తో రాయాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఇప్పుడైతే ధైర్యంగానే ఉంది. రేపు ఆ గదిలో కావేరి మొహం చూస్తే మళ్లీ కళ్లలో నిప్పులు పోసుకుంటానేమో. నా మంచితనాన్ని నేనే నమ్మను. అందుకని పొద్దున ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, ఆ తర్వాతే ఆటో ఎక్కుతాను. నీకు తెలిసిపోతుందంటే ఇంక నేను వెనక్కి తిరగలేను. మిషన్‌కు పెట్టించినట్టే ఇది నాకు నేను పెట్టుకున్న తాళం.

ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే చెనిక్కాయల పొడి పంపు. కాస్త ఎక్కువే పంపు, ఓబులేసు ఇంటికి ఇవ్వాలి. నాన్నకు, అమ్మకు, పాస్టరయ్యగారికి నా వందనాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. ఇంటి ప్రార్థనలో ఓబులేసు చెయ్యి మానాలని అడగండి. నన్ను దీవించమని అడగండి. కావేరి పేరు కూడా తలవండి, పాపం మంచి పిల్లే.

కాకపోతే, నా పేరు చెప్పిన తర్వాత.

ఇట్లు,
నీ చెల్లెలు
రూతు