పెంకులు దేంతో కడిగారు?

పటమట, విజయవాడ
సోమవారం

ప్రియమైన స్టెల్లాకి,

ప్రభువు దయవల్ల అమ్మా నేనూ ఇక్కడ క్షేమం. నువ్వు క్షేమమేనని నిన్న ఫోన్లో నీ నోటితోనే విన్నాను కాబట్టి ఆ మాట మళ్లీ అడగను. రోజూ మాట్లాడుకుంటూ మధ్యలో ఈ ఉత్తరమేమిటని నీకు వింతగా ఉంటుంది. ఇది నీ గొంతు వింటూ చెప్పగలిగేది కాదు. మొన్న రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

ముందు నీ మెయిల్లో ప్రశ్నలకి జవాబులు. అమ్మ మోకాలు కాస్త నయం. మేడ మెట్లు ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ రోజుకి నాలుగుసార్లు ఎక్కుతోంది. నేను అరుస్తాను, ఆవిడ వినదు, మాకు పొద్దు గడిచిపోతుంది. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు "దారిలో ఉన్నానండీ" అంటూ పదకొండు రోజులుగా దారిలోనే ఉన్నాడు.

పెంకులు ఏ చెరువువని అడిగావు. మూడు డబ్బాలూ ఒకే చెరువువి. కైకలూరు అవతల, నాన్న స్నేహితుడు వెంకటప్పయ్య గారి చెరువు. రొయ్యలు పెంకు వదిలేది అమావాస్యకీ పౌర్ణమికీ కాబట్టి మూడుసార్లూ అమావాస్య మర్నాడు పొద్దున్నే వెళ్లాను. మేత తిన్నాయో లేదో చూసే ట్రేలు పైకి లాగి, వాటిలో పడ్డ ఖాళీ పెంకులు ఒక్కొక్కటే ఏరాను. ఆయన గట్టు మీద నిలబడి నవ్వడం. "రొయ్యలు కొనుక్కుపోయేవాళ్లని చూశాగానీ, అవి విప్పేసిన చొక్కాలు ఏరుకునేవాణ్ణి నిన్నే చూస్తన్నానయ్యా జయపాల్."

ఐసు ప్రతిసారీ వేశాను. ఆ ఐసు డబ్బాతో బస్సెక్కితే కండక్టరు చేసిన గొడవ నీకు చెప్పలేదు. "ఏంటండీ ఈ నీచు వాసన, జనం దిగిపోతన్నారు" అని నన్ను వెనక సీట్లోకి తోలేశాడు. వన్ టౌన్లో కొరియర్ కుర్రాడు లోపలేముందన్నాడు. రొయ్య పెంకులన్నాను. ఎవరికన్నాడు. మా ఆవిడకన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి రసీదు రాశాడు. ఇంతా చేసి మీ ల్యాబ్‌లో మెషీన్‌కి కావలసింది బియ్యపు గింజంత గొట్టంలో పట్టే పొడి. ఆ గొట్టాన్ని పెద్ద అయస్కాంతం మధ్యలో ఏటవాలుగా పెట్టి, సెకనుకి వేలసార్లు తిప్పితే, పెంకులోని కార్బన్లు తామెక్కడున్నామో తెర మీద గీతల్లో చెబుతాయని నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పావో. "కరిగించక్కర్లేదండీ, ఉన్నదాన్ని ఉన్నట్టే చూడొచ్చు" అని మురిసిపోయేదానివి. అది గుర్తొస్తే ఇప్పుడు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఇక చివరి ప్రశ్న. "పెంకులు దేంతో కడిగారు? పేపర్లో ఒక వాక్యం రాయాలి. శుక్రవారం మా గైడు మేడమ్ జర్నల్‌కి పంపించేస్తున్నారు."

స్టెల్లా, మొదటి డబ్బాని పసుపుతో కడిగారు.

ఈస్టరు ముందు తపస్సు కాలంలో ఆ పెంకులు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, డబ్బా మీద 'రొయ్యపొట్టు - స్టెల్లా' అని రాసి నేను కాలేజీకి వెళ్లాను. నా లెక్కన పొట్టంటే పైన ఉండే పెంకు. అమ్మ లెక్కన రొయ్యపొట్టంటే గోంగూరలో వేసుకునే చిన్న రొయ్యలు. కోడలికి పంపిస్తున్నాడు కాబోలనుకుని, ఉప్పూ పసుపూ వేసి రుద్ది, మూడు నీళ్లు కడిగి, మళ్లీ అదే డబ్బాలో సర్దిపెట్టింది. వదిలిన పెంకు చూడ్డానికి అచ్చం రొయ్యలాగే ఉంటుంది కదా. ఆవిడకి వచ్చిన అనుమానమల్లా నన్నెవరో మోసం చేసి చచ్చు సరుకు అంటగట్టారని. నాకు లేతపసుపు రంగు కనబడింది. చెరువు నీళ్ల గుణమనుకుని పంపేశాను.

తర్వాత మూడు వారాలకి నీ మెయిలొచ్చింది. ఇంతవరకూ ఎవరూ రొయ్య పెంకులో చూడని గీత ఒకటి లేచిందనీ, పెంకుని గట్టిపరిచే కొత్త ముడి ఏదో దొరికిందనీ రాశావు. అన్నం తింటూ అమ్మకి చదివి వినిపించాను. పెంకులు లేతపసుపుగా ఉన్నాయేమని నువ్వు అడిగిన చోటికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "పసుపెయ్యకపోతే నీచు ఎట్టా పోద్దిరా?" అంది.

అప్పుడే ఫోన్ చేయాల్సింది. చేతిలో ఫోనుంది, వేలు నీ పేరు మీదే ఉంది. ఆ పూట నీ సంతోషం పాడు చేయబుద్ధి కాలేదు. రెండో డబ్బా శుభ్రంగా పంపితే గీత రాదు, అదేదో పొరపాటని నువ్వే వదిలేస్తావు, అమ్మ పేరు బయటికి రాదు అనుకున్నాను. చూడు నా తెలివి.

గీత రాలేదు. నువ్వు వదల్లేదు. పొడి గొట్టంలో సరిగ్గా దట్టించలేదని మీ మేడమ్ నిన్నన్నారు, నువ్వూ అదే నమ్మావు. అరగంట ఫోన్లో ఏడ్చావు. "ఈసారీ రాకపోతే మొదటికొచ్చినట్టేనండీ, ఇంకో రెండేళ్లు" అన్నావు.

ఇంతవరకూ రాసింది చదివి తప్పు అమ్మదనుకుంటావు. కాదు. మూడో డబ్బా అమ్మ ముట్టుకోలేదు. అందులో పసుపు వేసింది నేను.

అమ్మ ప్రార్థనకి వెళ్లినప్పుడు వంటింట్లో నిలబడి, ఆవిడ ఎలా చేసిందో అడిగి తెలుసుకున్నట్టే రుద్ది కడిగాను. చేతులు తడబడలేదు, అదే నాకు ఇప్పటికీ అసహ్యంగా ఉంది. ఇంటర్ పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయించే ల్యాబ్ అసిస్టెంటుని. రీడింగు చూడకుండా అంకె వేసేసిన పిల్లాణ్ణి పట్టుకుని పది మందిలో కడిగేస్తాను. మొన్న ఒక పిల్ల "సర్, ఒక్కటే కదా సర్" అంటే రికార్డు మొత్తం మళ్లీ రాయించాను. ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఎందుకో అమ్మకి చెప్పలేదు.

నీ ఏడుపు వినలేక చేశానంటే సగం నిజం. ఆ రెండేళ్లన్న మాట నేను భరించలేకపోయాను. గీత వస్తే పేపరొస్తుంది, పేపరొస్తే పీహెచ్‌డీ వస్తుంది, నువ్వు వస్తావు. అంతవరకే ఆలోచించాను. గీత ముందుకంటే పొడుగ్గా లేచిందని నువ్వు ల్యాబంతా స్వీట్లు పంచావు. నేను ఎక్కువ వేశాను కాబట్టి పొడుగ్గా లేచింది, స్టెల్లా.

నీ పేరుతో పేపర్ బయటికొచ్చి, ఇంకెక్కడో ఇంకెవరో అవే పెంకులు తిప్పి చూసి, ఆ గీత రాకపోతే అబద్ధమాడింది నువ్వవుతావు. నాకు ఇవాళ తెలిసిన విషయం కాదిది. శుక్రవారం అన్న మాట చూశాకే కాగితం ముందు కూర్చున్నాను. నా మీద నాకున్న కోపం ఇక్కడ రాయదగినది కాదు.

కొరియర్లో బుధవారానికల్లా నీకు చేరే ఈ కవరులోనే చిన్న పొట్లం పెట్టాను. మన వంటింటి పసుపు. ఆ గీత పసుపుది కాదేమోనని నీకు అనుమానం రావచ్చు, లేదా నమ్మబుద్ధి కాకపోవచ్చు. నా మాట నమ్మొద్దు. ఆ పసుపుని ఒక్కదాన్నే గొట్టంలో పెట్టి తిప్పి చూడు. గీత అదే చోట లేస్తే, నాకు ఫోన్ చేయకముందే మేడమ్ గది తలుపు తట్టు. మా ఆయన చేశాడని పేరు పెట్టి చెప్పు. నేను వచ్చి చెప్పాలంటే వస్తాను.

ఆ తర్వాత నన్ను ఏమన్నా పడతాను. ఎంత కాలం మాట్లాడకపోయినా పడతాను. ఒక్కటి మాత్రం రాసిస్తున్నాను. ఇంటికెప్పుడొస్తావని ఇకమీదట నేను నిన్ను అడగను.

ఇట్లు
నీ భర్త
జయపాల్